అభిజనోత్సవము - ప్రవాసదృష్టి

కావ్యమున వర్ణింపఁదగినవానిని లెక్కించుచు దండి యన్నిటికంటె ముందు నగరమును నిలిపెను. ఆ పరిగణనమందే మఱికొంత దూరమున విప్రలంభమును జేర్చెను. లాక్షణికుఁడు దూరదూరముగా నుంచిన యీ రెండును ఒక్కచోఁ గూడినపుడు, అనఁగా నాయికకొఱకుఁ గాక నగరముకొఱకును, అందు జరుగు నుత్సవముకొఱకును మనసు తపించినపుడు, ఆ తాపమునకు సాహిత్యశాస్త్రమున స్థాన మెక్కడ? అది రసమా, భావమా, లేక కావ్యమున కెక్కఁదగని లౌకికమైన బెంగ మాత్రమా?

ఈ ప్రశ్న పండితగోష్ఠికి మాత్రమే చెందినది కాదు. తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములయందును, వాని చుట్టునున్న కృష్ణాడెల్టా గ్రామములయందును, బిడ్డలను విదేశములకుఁ బంపిన యిండ్లు నేఁడు వీథివీథినిఁ గలవు. బాపట్లలో భావనారాయణస్వామి యుత్సవము జరుగునపుడు ఆ దృశ్యము చేతిలోని ఫోనుద్వారా సముద్రముల కావలి యింటికిఁ జేరుచున్నది. అక్కడివారు తమ నగరములలోని సభాశాలలయందు ఉగాదియు, సంక్రాంతియు, శ్రీరామనవమియు జరుపుకొనుచున్నారు. ఉత్తర అమెరికా తెలుఁగు సంఘ మేర్పడినది 1977లో. నాఁటి బాలురు నేఁడు తాతలైరి. ఈ ప్రవాసోత్సవములనుగూర్చి వ్యాసములును, గథలును విరివిగా వచ్చుచున్నవి. వానిని దూఁచుటకుఁ దగిన త్రాసు కావలయును. ఆ త్రాసును బ్రాచీనగ్రంథములనుండి సిద్ధపఱచుటయే యీ విమర్శమున కుద్దేశము.

పూర్వపక్ష మిది: ఉత్సవము దేశకాలపాత్రములకుఁ గట్టువడినది. దేశము తప్పినచో మిగిలిన రెండును దప్పును. ఆ గుడి, ఆ కోనేరు, రథము తిరుగు నా వీథిమలుపు లేనిచో జరుగునది యనుకరణమే కాని యుత్సవము కాదు. కావున దానిఁ జెప్పు రచనయు నాభాసమే కాని రసవంతము కాఁజాలదు. ఈ వాదము బలహీనమైనది కాదు. సంప్రదాయ మెఱిఁగిన పెద్ద లనేకు లిట్లే తలంతురు. బిడ్డలు పంపిన చిత్రములలోఁ గాగితపుఁదోరణములను జూచి నవ్వువారును వారే. పిదప నెవ్వరును జూడకుండఁ గన్నులు తుడుచుకొనువారును వారే. వాదము నవ్వును సమర్థించును. కన్నీటికి సమాధానము చెప్పదు. ఆ సమాధానమును వెదకవలెను.

ముందుగా శబ్దమును విచారింతురు గాక. పాణిని తద్ధితప్రకరణమున, చతుర్థాధ్యాయ తృతీయపాదమందు, స్థలముతో మనుష్యునకుఁ గల సంబంధమును బలువిధములుగా విడఁదీసెను. అచ్చటఁ బుట్టినవాఁడు, అచ్చట నుండువాఁడు, అచ్చటినుండి వచ్చినవాఁడు, అది నివాసముగాఁ గలవాఁడు, అది యభిజనముగాఁ గలవాఁడు. తుదిరెంటికి భేదమును వ్యాఖ్యాతలు స్పష్టముగాఁ జెప్పిరి. ఇప్పుడు తానుండునది నివాసము. పూర్వు లుండినది యభిజనము. ఇన్ని యర్థములకును బ్రత్యయ మొక్కటియే కావచ్చును. మథురాశబ్దమునుండి యేర్పడు మాథురశబ్ద మొక్కటియే. నివాసాభిజనముల నొకే సూత్రమున ముడివేయక విభజించుట, పైసూత్రములలో నభిజనార్థము మాత్రమే యనువర్తించుటకని సమర్థించిరి. శాస్త్రప్రయోజన మంతమాత్రమే యైనను సాహిత్యమునకు దానివలన నొక ఫలము కలదు: రూప మొక్కటియైనంతమాత్రమున సంబంధ మొక్కటి కాదు. ఒకే యూరిని జెప్పు నిరువురిలో నొకఁడు నివాసమును, నొకఁ డభిజనమును జెప్పుచుండవచ్చును.

తెలుఁగువాని యింటిపేరు దీనికి నిత్యోదాహరణము. తెనాలి రామకృష్ణకవి యన్నపుడు తెనాలి వాని యభిజనము. విజయనగరము నివాసమని లోకప్రసిద్ధి. వాని కావ్యమునకు వస్తువైన పాండురంగక్షేత్రమో భీమరథీతీరమున, మఱియొక భాషాదేశమున నున్నది. మఱి మారిషసు దీవికి 1834 తరువాతి కాలమునఁ గూలిపనికై యోడ లెక్కిపోయిన తెలుఁగువారి కక్కడఁ గోరంగివారను పేరు వచ్చినది. అది వారి యభిజనము కాదు, నివాసమును గాదు; ఓడ యెక్కిన రేవు. వంశపుటూళ్ళు వేఱైనను, గడపటి యడుగు పెట్టిన తీరమే పేరైనది. అచ్చటినుండి వచ్చినవాఁ డను నర్థమున కింతకంటె విషాదకరమైన లక్ష్యము దొరకదు. అయినను నా దీవిలో సింహాద్రి యప్పన్న పూజ తరతరములుగా నిలిచినది. ఉగాది యచ్చట ప్రభుత్వపు సెలవుదినమైనది. 1990లో మూఁడవ ప్రపంచ తెలుఁగు మహాసభ లక్కడనే జరిగినవి. పేరునుండి జాఱిపోయిన యభిజనార్థమును బూజ నిలిపినది. ప్రత్యయము చేయవలసిన పని యుత్సవము చేసినది.

ఇఁక కావ్యములలో నగరోత్సవమును జూచు దృష్టులు మూఁడు. పరదేశి పరనగరోత్సవమును జూచుట మొదటిది. ప్రవాసి స్వనగరమునో, తన కెఱుకపడిన నగరమునో దూరమునుండి భావించుట రెండవది. ప్రవాసి తానున్నచోటనే యొక ప్రతినిధిస్థలమును నెలకొల్పుకొనుట మూఁడవది. నేఁటి రచనలలో నీ మూఁడును గలగాపులగముగాఁ గలసియుండుటచే గుణదోషములు తెలియకున్నవి.

మొదటిదానికి క్రీడాభిరామము లక్ష్యము. గోవింద మంచనశర్మయు టిట్టిభసెట్టియు నోరుగల్లు వీథులఁ దిరుగుచుఁ గన్నదెల్లఁ జెప్పుకొందురు. ఏకవీరాదేవి కొలువును, పలనాటి వీరకథాగానమును, గోడిపందెములును, బొట్టేళ్ల పోరును వారి చూపున కందును. పలనాటి వీరుల కథకు జన్మస్థానము కారెంపూడి. వారి యారాధన మక్కడఁ గార్తికమాసమున నేఁటికిని జరుగుచున్నది. ఆ కథ యోరుగంటి వీథిలోఁ బాడఁబడుచుండుటయే యొక యూరి యుత్సవము వేఱొక యూరికిఁ బ్రయాణము చేయుట. అంతకంటె గమనింపఁదగిన దొకటి కలదు. ఈ కృతికి మూలము రావిపాటి త్రిపురాంతకుని ప్రేమాభిరామమను సంస్కృతరచన. వినుకొండ వల్లభరాయని పేరఁ జెలామణియగు తెలుఁగు కృతి, శ్రీనాథుని చేయి యందున్నదో లేదో యను వివాద మట్లుండ, కాకతీయుల యోరుగల్లు 1323లో ఢిల్లీసేనల వశమైన పిదపఁ బుట్టినది. అందుచే మంచనశర్మకు ముందున్న నగరము కవికి లేదు. పాత్రలు దేశమున సంచారులు. కవి కాలమునఁ బ్రవాసి. ఆ వర్ణనలోని నవ్వుల వెనుక వినఁబడు నిశ్శబ్దమునకుఁ గారణ మిది.

ఇట్టి సంచారదృష్టికే గద్యోదాహరణము ఏనుఁగుల వీరాస్వామయ్య కాశీయాత్రచరిత్ర. 1830 మే 18న చెన్నపట్టణము విడిచి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరిన యా ప్రయాణమును గోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు వ్రాసిన లేఖలనుండి గ్రంథముగాఁ గూర్చిరి. ఇల్లు చదువరియై వెనుక నుండుటచే నాతఁడు చూచిన ప్రతి వింతయు నింటికొలతతోఁ గొలువఁబడును. సమాచారమున నిట్టి గ్రంథమున కెన లేదు. కాని తిరిగివచ్చువాని చూపు వేఱు. తిరుగలేనివాని చూపు వేఱు.

రెండవ దృష్టికి మేఘసందేశమును మించిన దేది? శాపహతుఁడైన యక్షుఁడు రామగిరిపై నొక సంవత్సరము గడపవలసినవాఁడు. అలకాపురి కతిత్వరితముగఁ బోవలసిన దూతను వాఁ డుజ్జయినికి వంకరత్రోవఁ బట్టించుటయే కాక, మహాకాళుని సన్నిధికిఁ గాలము కాని కాలమునఁ జేరినను సాయంసంధ్యవఱకు నిలువవలసినదిగాఁ గోరును. తొందరగలవాఁ డిట్లేల చెప్పెను? విమర్శకులు భక్తియనియు, గవియొక్క యుజ్జయినీపక్షపాతమనియుఁ జెప్పుదురు. రెండును సరియే కావచ్చును. కాని మేఘమచ్చటఁ జేయవలసిన పనిని జూడవలెను. అది ప్రేక్షకమై నిలువరాదు; తన గర్జనమును సంధ్యాపూజకు వాద్యముగా నర్పింపవలెను. ఉత్సవమునకుఁ దాను పోఁజాలనివాఁడు తనకు మాఱుగ నొక వాద్యమును బంపుచున్నాఁడు. ప్రవాసి కోరునది దర్శనము మాత్రమే కాదు, అందులో నొక పని. మఱియు యక్షుఁడు తన శాపాంతమును దినసంఖ్యతోఁ గాక, విష్ణువు శేషశయ్యనుండి లేచు నుత్థానైకాదశితో గుఱుతించును. ప్రవాసికిఁ బంచాంగమే గడియారము.

తెలుఁగుకవులు నందగోకులమును వ్రేపల్లె యనిరి. పేరు కలిసినంతమాత్రమున నూరు కలియదు. కాని కృష్ణాతీరపు రేపల్లెవారు భాగవతమును విన్నపుడు చెవికి సోఁకు మాధుర్య మొకటి కలదు. దశమస్కంధమున మథురకుఁ బోయిన కృష్ణుఁడు వ్రేపల్లెకుఁ దిరిగిరాక యుద్ధవునిఁ బంపును. పిదప, సూర్యగ్రహణపర్వమున శమంతపంచకతీర్థమున ద్వారకవారును వ్రేపల్లెవారును గలిసికొందురు. పర్వమున్నది, తీర్థమున్నది, వెదకిన కృష్ణుఁడు కన్నులయెదుట నున్నాఁడు. అది వారి యూరు కాదు. ఇంతకంటెఁ బూర్ణమైన ప్రవాసోత్సవము లేదు. ఇంతకంటె నపూర్ణమైనదియు లేదు.

ఈ యపూర్ణతయే యలంకారశాస్త్రమున కొక చిక్కుముడియైనది. మమ్మటుఁడు కావ్యలక్షణము చెప్పుచు, స్ఫుటాలంకారము లేకున్నను గావ్యత్వమునకు హాని లేదనుటకు, శీలాభట్టారిక పేర వినవచ్చు నొక శ్లోకము నుదాహరించెను. అందలి నాయికకుఁ బ్రియుఁ డతఁడే, చైత్రరాత్రు లవియే, గాలి యదియే, తానును దానే. అయినను రేవానదీతీరముకొఱకు మన సుత్కంఠ పడుచున్నదని యామె మాట. పూరీ రథోత్సవమునఁ జైతన్యుఁ డీ శ్లోకమునే చదివెననియు, దానిని గురుక్షేత్రమునఁ గలిసిన గోపికలకు నన్వయించిరనియు గౌడీయసంప్రదాయ గ్రంథములు చెప్పుచున్నవి. ఒక నగరోత్సవమధ్యమున వేఱొక యూరికొఱకైన బెంగకు ఆ శ్లోకము మాటయైనది.

విశ్వనాథుఁడు సాహిత్యదర్పణమున మమ్మటు నాక్షేపించుచు, నా శ్లోకమున విభావనావిశేషోక్తుల మూలమైన సందేహసంకర మున్నదని వాదించెను. తృప్తికిఁ గారణములన్నియు నుండియుఁ దృప్తి లేదు కావున విశేషోక్తి. ఉత్కంఠకుఁ గారణము లేకయే యుత్కంఠ పుట్టినది కావున విభావన. అలంకారము స్ఫుటమా కాదా యను వివాదమున నెవరిది గెలుపైనను, ప్రకృతమున కుపయోగించునది వేఱు. చంద్రుఁడు, మలయానిలము మొదలగు నుద్దీపనవిభావము లెప్పుడు నెదుట నుండి పని చేయును. ఇచ్చట నెదుటనున్న యుద్దీపనము లన్నియు నిష్ఫలములై, యెదుట లేని యొక నదీతీరము రసమును నడుపుచున్నది. అవిద్యమానమైన యుద్దీపన మిది. దేశవిషయకమైన ప్రీతి, దేవాదివిషయకరతివలె భావమాత్రమేయని సిద్ధాంత మొప్పుకొన్నను, లేని స్థల ముద్దీపనముగాఁ బరిణమించినపుడు అది విప్రలంభమున కంగమై రసకోటిలోఁ బ్రవేశించును. ప్రవాసోత్సవరచనకు శాస్త్రమున దొరకు గట్టిచోటు ఇది. పూర్వపక్షి లోపమని చూపిన దేశాభావమే రసమునకు బీజము.

మూఁడవ దృష్టికి శ్రీనాథుని భీమేశ్వరపురాణము నాలంబము. కాశిలో భిక్ష దొరకక కోపించి శపింపఁబూనిన వ్యాసుఁడు విశ్వనాథుని యాజ్ఞచే నా నగరమునుండి వెడలవలసివచ్చెను. వింధ్యగర్వభంగమునకై దేవతలు కోరఁగా నంతకుముందే కాశిని విడిచిన యగస్త్యుఁడు దక్షిణమున వానికిఁ గనఁబడెను. కాశీవియోగు లిరువురును గలిసికొని, దక్షారామ భీమేశ్వరుని మహిమను జెప్పుకొందురు. ఇందలి యౌచిత్యము గమనింపఁదగినది. ఒకఁడు లోకోపకారమునకై వెడలినవాఁడు. ఒకఁడు తన దోషమున వెడలినవాఁడు. ఆలంకారికులు కార్యప్రవాసమును శాపప్రవాసమును వేఱుచేసిరి గదా. ఆ రెండును దక్షారామమున నొక్క మెట్టుపైఁ గూర్చుండినవి. దక్షారామము కాశికి నకలని కవి యెచ్చటను దక్కువచేయలేదు. దానికి స్వతస్సిద్ధమైన మహిమను గల్పించెను. నకలు ప్రవాసినిఁ దృప్తిపఱుపదు. స్వతంత్రమహిమ గల ప్రతినిధిస్థలము తృప్తిపఱుచును.

కాలవిషయమునఁ బూర్వపక్షికి సమాధానము జ్యోతిశ్శాస్త్ర మిచ్చును. తిథి ముగియు క్షణము లోకమంతకు నొక్కటియే. సూర్యోదయము మాత్రము దేశమునుబట్టి మాఱును. అందుచే నమెరికాలో నొక పండుగ మన తేదీకి ముందునాఁడే పడుట కలదు. ఇది యనాచారము కాదు, గణితము. సూర్యసిద్ధాంతము లంకనుండి మేరువునకుఁ బోవు మధ్యరేఖపై నవంతిని, గురుక్షేత్రసరస్సును బేర్కొని, ఆ రేఖకుఁ బ్రక్కనున్న ప్రతి దేశమునకును దేశాంతరసంస్కారమును విధించినది. యక్షుఁడు మేఘమును నిలిపిన యుజ్జయినియు, వ్రేపల్లెవారు కృష్ణునిఁ గలిసిన క్షేత్రమును నా రేఖపైనివే. ఆ రేఖకు దూరమున నున్న తెనాలియు సంస్కారము పొందవలసినదే. సంకల్పమునఁ దెలుఁగువాఁడు శ్రీశైలమున కేదిక్కున నున్నాఁడో చెప్పుకొనును. అమెరికాలోని పురోహితులు క్రౌంచద్వీపమని చెప్పించుచున్నారు. స్థలము మాఱినదని దాఁచక, మాఱిన స్థలమును బేరుపెట్టి చెప్పుటయే సంకల్పము. నిజాయితీగల ప్రవాసరచనకు నదియే మొదటి నియమము.

పాత్రవిషయమున నాగమ మింకను దూరము పోయినది. కదలని మూలమూర్తిని, గదలు నుత్సవమూర్తిని వేఱుచేసినది. ఉత్సవమనఁగా దేవుఁడు గర్భగృహమును విడిచి వీథికి వచ్చుట. తన యింటినుండి తాను బ్రవాసమునకు వెడలి తిరిగివచ్చుట. తెనాలికిని బాపట్లకును నడుమనున్న పొన్నూరి సాక్షిభావనారాయణుని స్థలకథ యీ తత్త్వమునే వేఱొకవిధమునఁ జెప్పును. మేనమామ కాశిలో మేనల్లునకుఁ బిల్లనిత్తునని యిచ్చిన మాటను స్వగ్రామమునఁ దప్పఁగా, నచ్చటి స్వామి సాక్షియై వచ్చి పొన్నూరున నిలిచెనఁట. సాక్షిశబ్దమును బాణిని ప్రత్యక్షముగాఁ జూచినవాఁ డను నర్థమునఁ గట్టెను. పరదేశమునఁ బలికిన మాటకు స్వదేశమున సాక్షి లేఁడను వాదమునకు జనులు చెప్పిన యుత్తర మీ కథ: చూచినవాఁడే నడచివచ్చును. పంచభావనారాయణక్షేత్రములలోని బాపట్లయు, బొన్నూరును బ్రక్కప్రక్కనుండుటచే నీ మండలమువారికి ఈ కథ బాల్యమునుండియు సుపరిచితము. నేఁడు మాట నిచ్చుచోటు విదేశము, మాట చెల్లవలసినచోటు స్వగ్రామము నైన కుటుంబములకు దీని యర్థము క్రొత్తగాఁ దెలియవచ్చును.

ఈ త్రాసున నేఁటి ప్రవాసోత్సవరచనలను దూఁచినచో గుణ మేది, దోష మేది? వంటకముల పట్టికయు, వచ్చినవారి లెక్కయు, వేదికపై నాటపాటల క్రమమును జెప్పి ముగించు రచన మొదటి దృష్టికిని జెందదు, రెండవదానికిని జెందదు; అది ప్రకటనపత్రము. అన్నియు నున్నవి, యేదియుఁ గొఱఁత లేదని పదేపదే పలుకు రచనలో విశేషోక్తికిఁ దావు లేదు, విభావనకుఁ దావు లేదు. అంతయుఁ బోయినది, మిగిలినది బొమ్మయని విలపించు రచనయు దోషయుక్తమే. అది దక్షారామమును జూడని వ్యాసుఁడు. అన్నియు నుండఁగా లేనిదాని నొక్కదానిని, రేవాతీరమువలెఁ, బేరుపెట్టి చూపఁగలిగిన రచనయే యుత్తమము. ఆ యొక్కటి కోనేటి మెట్టు కావచ్చును. రథము మలుపు తిరుగునపుడు జనులు వేయు కేక కావచ్చును.

ఇచ్చట స్వగ్రామస్థులకు సంబంధించిన యొక బాధ్యత తలయెత్తుచున్నది. లేనిదానికిఁ బేరు పెట్టుటకు ముందు పేరనునది యుండవలెను గదా. మోకు లాగువారు, రథచక్రమునకు దిమ్మ వేయువారు, వాహనము మోయువారు, మేళము వారు, పల్లకికి ముందు దివిటీ పట్టువారు తమ పనులకును, బనిముట్లకును వాడు మాటలు ఊరూరికి వేఱు. కల్నలు మెకంజీ కాలమునఁ గూర్చిన గ్రామ కైఫీయతులలో దేవస్థానముల మాన్యములును గైంకర్యములును గొంతవఱకు నమోదైనవి. ఆ పిదప రెండు శతాబ్దములు గడచినవి. ఆ పనులు కొన్ని యంత్రముల పాలైనవి, మాటలు వృద్ధుల నోళ్లలో నున్నవి. ప్రవాసికి దూర మడ్డుపడదు. మాట లేకుండుట యడ్డుపడును. మాట యెఱిఁగిన తాత ఫోనులో దృశ్యమును జూచి రేవాతీరమును దలఁచును. ఎఱుఁగని మనుమఁడు జనసమూహమును జూచును.

మూలమూర్తి యందు దీపము వెలుఁగుచుండినఁగాని యుత్సవమూర్తికిఁ దిరిగివచ్చు తావు లేదు. కావునఁ బ్రవాసుల యుత్సవము నిజమా యను ప్రశ్న వారిని మాత్రమే యడుగవలసినది కాదు. తెనాలి, బాపట్ల, రేపల్లెలలో నివాసము గలవారు తమ యభిజనమునకుఁ దామెంతవఱకు సాక్షులో యనియు నడుగవలసియున్నది. నివాస మున్నంతమాత్రమునఁ జూచుట సిద్ధింపదు. చూచినదానిని జూచినట్లు మాటలలో నిలిపినవారే యా శబ్దమున కర్హులు. పాఠశాలాపండితులు తమ తమ యూళ్ల యుత్సవపదములను శిష్యులచే వ్రాయించి కూర్చినచో, శాస్త్రమునకుఁ బదకోశమును, దూరముననున్నవారికి నొక రేవాతీరమును లభించును.